కోలారు బంగారు గనుల ఇళ్లు

ఉగాది వచ్చినదంటే తెలుగువారి ఇంట మొదట జరిగేది ఇంటి పని. గోడలకు సున్నం కొట్టడం, నేల అలకడం, గడపకు పసుపు పూయడం, వాకిట మామిడి తోరణం కట్టడం. వేపపూల పచ్చడి, పంచాంగ శ్రవణం ఆ తరువాతి సంగతులు. ఇల్లు క్రొత్తబడనిదే ఏడు క్రొత్తబడదని మన పెద్దల అభిప్రాయం కాబోలు. కనుక ఈ పండుగ సంచికలో మనవారు కొందరు బ్రతికిన ఇళ్లను గూర్చి నాలుగు మాటలు వ్రాయడం అసందర్భం కాదని తలుస్తున్నాను.

కోలారు జిల్లాకు వచ్చిన బంధువులకు మనం సాధారణంగా చూపించే పాత కట్టడాలు రెండు. ఒకటి చోళుల కాలపు కోలారమ్మ గుడి. రెండవది విజయనగర కాలపు సోమేశ్వరాలయం. రెండును చూడదగినవే, సందేహం లేదు. కాని కోలారు నుండి గాని, దాని అంచుననే ఉన్న మన తమక నుండి గాని బంగారుపేట మీదుగా సుమారు 30 కిలోమీటర్లు పోతే మరొక రకం కట్టడాల ఊరు వస్తుంది. అక్కడి కట్టడాలను ఏ రాజూ కట్టించలేదు. ఏ స్థపతీ శాసనం వేయించలేదు. లండనులో కూర్చున్న ఒక కంపెనీ, ఇక్కడ పనిచేసిన వేలాది కూలీలు కలిసి కట్టినవి అవి. వాటిలో ఎక్కువభాగం 1880 మొదలు 1930 దాకా, అనగా ఒక మనిషి ఆయుష్షులో లేచినవి. అదే కోలారు బంగారు గనుల ఊరు. మనలో చాలామంది నోట ‘కె.జి.ఎఫ్.’ అనే మూడక్షరాల పేరు.

ఇక్కడి నేలలో బంగారమున్నదని పల్లె ప్రజలకు ఏనాటినుండో తెలుసు. మట్టి కడిగి రేణువులు ఏరుకొనేవారు. 1802లో జాన్ వారెన్ అనే ఆంగ్ల సైనికాధికారి ఆ పనిని కళ్లారా చూచి తన పై అధికారులకు వ్రాసినాడు. 1873లో లావెల్ అనే మాజీ సైనికుడు త్రవ్వకాలకు మైసూరు ప్రభుత్వంవారి అనుమతి పొందినాడు. 1880లో లండనులోని జాన్ టేలర్ అండ్ సన్స్ వారు రంగంలోకి దిగినారు. మొదటి సంవత్సరాలు నష్టంలో గడిచినవి. ఆ దశకం మధ్యలో మంచి రాతిపొర తగిలిన తరువాత ఇక వెనుదిరిగి చూడలేదు. మైసూరు మైన్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం, బాలాఘాట్ అనే గనులు వరుసగా లేచినవి.

వరుసగా అనే మాట ఇక్కడ అలంకారానికి వాడలేదు. బంగారపు రాతిపొర ఉత్తర దక్షిణాలుగా సాగినది కనుక షాఫ్టులూ ఆ గీతమీదనే వచ్చినవి. షాఫ్టుల ప్రక్కన మిల్లులు, మిల్లుల ప్రక్కన ఇళ్లు, ఇళ్ల ప్రక్కన అంగళ్లు. మన ఊళ్లు చాలావరకు చెరువు చూచుకొని, గుడి చూచుకొని పెరిగినవి. ఈ ఊరు నేల క్రింద కంటికి కనబడని రాయిని చూచుకొని పెరిగినది. బంగారం ఏ దారిన పోయినదో ఊరూ ఆ దారినే పోయినది. ఈనాటికీ మారికుప్పం నుండి ఉత్తరంగా నడిచేవారికి ఊరు పొడుగ్గా, త్రాడువలె సాగి ఉండడానికి కారణమిదే.

ఊరు నిలవడానికి కావలసినవి మూడు: దారి, నీరు, శక్తి. దారి 1894లో వచ్చినది. నాటి బౌరింగుపేట, నేటి బంగారుపేట, నుండి మారికుప్పానికి సుమారు 16 కిలోమీటర్ల రైలుమార్గం వేసినారు. ఇంగ్లండు నుండి వచ్చిన ఇనుప దూలాలు, యంత్రాలు, రేకులు ఆ దారినే లోపలికి వచ్చినవి. నీటికి పాలారు మీది బేతమంగల చెరువు దిక్కైనది. ఆ పాత చెరువు నీటిని శుద్ధిచేసి, గొట్టాలలో గనులకు ఎక్కించినారు.

ఇక శక్తి. దివాను శేషాద్రి అయ్యరుగారి హయాంలో తలపెట్టిన శివసముద్రం జలవిద్యుత్ పథకం 1902 జూన్ 30న పని ప్రారంభించినది. కావేరి జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు 92 మైళ్లు, అనగా దాదాపు 148 కిలోమీటర్లు, తీగెలమీద ప్రయాణంచేసి కోలారు గనులకు చేరినది. తిప్పుడు చక్రాలు స్విట్జర్లాండువారివి, విద్యుత్ యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారివి. అంత దూరం విద్యుత్తును పంపడం ఆనాటికి ప్రపంచంలోనే అరుదు. బెంగళూరు వీధులకు దీపాలు రావడానికి మరి మూడేళ్లు పట్టినది. మొదటి వెలుగు నగరానికి రాలేదు, గనికి వచ్చినది. ఈ ఒక్క విషయంతో ఆనాడు ఎవరి అవసరం ముందో, ఎవరిది వెనుకో గ్రహించవచ్చును.

ఇప్పుడు ఇళ్ల సంగతికి వద్దాము.

దొరల బంగళాలు ఈనాటికీ కొన్ని నిలిచి ఉన్నవి. ఎత్తైన పునాది, మూడుప్రక్కల వరండా, మందపాటి గోడలు, ఏటవాలు కప్పు, ఎండ విరగడానికి కిటికీలపై చెక్క చూరు, చుట్టూ విశాలమైన తోట. వంటిల్లు, నౌకర్ల గదులు వెనుక వేరుగా. వీటికి తోడు క్లబ్బు, టెన్నిసు మైదానాలు, గోల్ఫు ఆట స్థలం, కూచిగోపురాల చర్చీలు, మంచి పేరున్న ఆసుపత్రి. గనులలో పనిచేయడానికి ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుండి తరతరాల గనివారు వచ్చినారు. తమ ఊరి తగరం గనులు మూతపడగా బ్రతుకుతెరువుకై సముద్రాలు దాటినవారు వారు. ఇల్లు విడిచి వచ్చిన దుఃఖమో, ఇంటి మీది మమకారమో, ఎర్రమట్టి నేలలో తమ ఊరి పోలిక తెచ్చుకోవాలని చూచినారు. అందుకే ఈ ఊరికి ‘చిన్న ఇంగ్లండు’ అనే పేరు వచ్చినది.

ఇందులో ఒక తమాషా ఉన్నది. ఆ బంగళా ఇంగ్లండు సొత్తు కానే కాదు. ‘బంగ్లా’ అనగా వంగదేశపు తరహా ఇల్లు. చూరు క్రిందికి దిగి, చుట్టూ వసారా ఉండే పల్లె గుడిసె. దాన్ని కుంపిణీవారు మెచ్చి పెద్దది చేసుకొన్నారు. అక్కడినుండి ఆ పేరు, ఆ రూపు ఓడలెక్కి ఇంగ్లండుకు, అమెరికాకు పోయినవి. 1905 మొదలు పాతికేళ్లపాటు కాలిఫోర్నియాలోను, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్సు, టూసాను పట్టణాలలోను మధ్యతరగతివారు వీధులకు వీధులే బంగళాలు కట్టుకొన్నారు. ఎండ మెండుగా ఉన్న చోట వరండా విలువ అందరికీ ఒక్కటే. నేడు ఆ దేశంలో కాపురముంటున్న మన పిల్లలలో కొందరు అట్టి ఇళ్లలోనే అద్దెకున్నారేమో! ఉంటే, ఆ వరండా తూర్పుదేశపు పల్లె గుడిసెకు మునిమనుమరాలని వారికి చెప్పవలె.

అయితే ఊరంతా బంగళాలు కాదు. బంగళాలో ఒక కుటుంబముంటే, లైన్లలో వందల కుటుంబాలు ఉండేవి. కూలీలు నివసించే వరుస ఇళ్లను ‘లైన్లు’ అన్నారు. ఆ మాట అన్ని భాషలలోను అట్లే నిలిచిపోయినది. మొదటి కాలపు లైన్లలో గోడలంటే వెదురు తడికెలు. నేల మట్టి నేల. పైన గడ్డి గాని, రేకు గాని. ఒకే గదిలో వంట, పడక, బాలింత, చంటిబిడ్డ, రాత్రి షిఫ్టు చేసి పగలు పండుకొన్న మనిషి. తడికెకు అటువైపు దగ్గితే ఇటువైపు వినబడేది. గడప లేని ఇల్లు అది. ఉగాదికి పసుపు పూయవలెనంటే ఆ ఇల్లాలు ఏమి చేసి ఉండునో మనం ఊహించుకోవలసినదే.

కంపెనీవారికి రాతితో కట్టడం చేతకాక తడికెలు కట్టినారా? కాదు. కోలారు జిల్లాలో రాతికేమి కరువు? మన పల్లెలలో పొలం గట్టుకు కూడ నిలువు బండలే పాతుతారు. బండ పరచిన మిద్దె ఇళ్లు ఊరూరా ఉన్నవి. యంత్రానికి రాతికట్టడం, దొరకు ఇటుకకట్టడం, కూలీకి తడికె, ఇట్లు పంచడంలో ఒక లెక్క ఉన్నది. యంత్రం కదలరాదు. దొర కొన్నేళ్లుంటాడు. కూలీ ఈవేళ వచ్చి రేపు పోతాడు. ఇదీ ఆ లెక్క. తడికె ఇల్లు తక్కువ ఖర్చుతో లేస్తుంది, అంతే సులువుగా ఊడుతుంది. పైగా ఇల్లు కంపెనీది. పని పోయిననాడు ఇల్లూ పోయేది. కూలీలు మాత్రం తలవంచుకొని ఉండిపోలేదు. 1930లో కంపెనీవారు వేలిముద్రలతో పేర్ల నమోదు తలపెట్టగా, వేలమంది పని మాని సమ్మెకట్టినారు. మమ్మల్ని దొంగల లెక్కన చూడవద్దని వారి పట్టుదల.

ఆ లైన్లలో ఉన్నవారెవరు? అధిక సంఖ్య తమిళులే. వారితోపాటు తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు, కావలి కాయడానికి వచ్చిన పంజాబీలు ఉండేవారు. తెలుగువారి సంఖ్యను పాత కాగితాలలో వెదికేవారు ఒక విషయం గమనించవలె. ‘ఉత్తర ఆర్కాటు జిల్లావారు’ అని వ్రాసి ఉన్నంతమాత్రాన అందరూ తమిళులనుకోరాదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ప్రాంతాలన్నీ ఉత్తర ఆర్కాటులోనివే. ఆనాడు కాలినడకనో, బండిమీదనో కనుమలెక్కి గనులకు వచ్చిన మనవారు ఎందరో ఆ పేరు క్రింద మరుగుపడి ఉన్నారు. ఇక కోలారు జిల్లాలో తరతరాలుగా ఇంట తెలుగు, బయట కన్నడం మాట్లాడే రైతు కుటుంబాల సంగతి అందరికీ తెలిసినదే. మన వలస కొందరిది కొండ దాటిన వలస, కొందరిది పొలం నుండి షాఫ్టుకు దిగిన వలస.

1898లో మైసూరు సంస్థానంలో ప్లేగు అడుగుపెట్టినది. ఇరుకిళ్లు, ఎలుకలు, మురుగు ఆ వ్యాధికి ఎంత అనుకూలమో అప్పుడు పాలకులకు తెలిసివచ్చినది. బెంగళూరులో మల్లేశ్వరం, బసవనగుడి పేటలు ఆ కాలంలోనే విశాలమైన వీధులతో విస్తరించినవి. గనులవద్ద కూడ గనుల హద్దుకు వెలుపల క్రొత్త పేట వేయవలసివచ్చినది. 1896 నుండి 1903 దాకా మైసూరులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న సర్ డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేర అది రాబర్ట్‌సన్‌పేట అయినది. చదరంగపు పలకవలె నిలువు వీధులు, అడ్డ వీధులు. ఒకటవ క్రాసు, రెండవ క్రాసు అని లెక్కతో పేర్లు.

చదువరులు ఈ పేట తేడాను గుర్తించవలె. లైన్లలో ఇల్లు కంపెనీది. పేటలో మనిషి తన స్థలంలో తన ఇల్లు కట్టుకోగలిగినాడు. వాకిట అరుగు, లోపల పెరడు, ముందు అంగడి, వెనుక కాపురం. ఇంటి కప్పుకు మంగళూరు పెంకు. ఆ పెంకుకూ ఒక కథ ఉన్నది. 1865లో మంగళూరులో బాసెల్ మిషనువారు పెట్టిన కార్ఖానాతో మొదలై ఆ ఎర్ర పెంకు దక్షిణదేశమంతటా ప్రాకినది. దొర బంగళా మీదా అదే పెంకు, వర్తకుని ఇంటిమీదా అదే పెంకు. కప్పువరకైనా సమత్వం వచ్చినదని సంతోషించవచ్చును.

ఇంతవరకు నేలమీది కట్టడాలు చెప్పినాను. అన్నిటికన్న పెద్ద కట్టడం నేల క్రింద ఉన్నది. చాంపియన్ రీఫ్ గనిలో పని సుమారు 3.2 కిలోమీటర్ల లోతుదాకా పోయినది. షాఫ్టులకు ఇటుకలతో గుండ్రని లోగోడలు కట్టినారు. రాయి తీసివేసిన ఖాళీలు కూలకుండ మొదట కొయ్య దూలాలు నిలిపినారు. లోతు పెరిగి, బరువుకు కొయ్య ఆగకపోయేసరికి, నల్లరాతి దిమ్మలను పైనుండి దించి, గోడలుగా పేర్చి నిలిపినారు. చీకటిలో, మండే వేడిలో, ముక్కుకు మట్టిధూళి పట్టగా పేర్చిన ఆ రాతిగోడలకు గుడి ప్రాకారం పేర్చే నేర్పు కావలసివచ్చినది. తడికె ఇంటికి తిరిగి వెళ్లే మనిషి పగలంతా చేసిన పని రాతిగోడ కట్టడం! ఈ ఊరి చరిత్రలో ఇంతకన్న బాధ కలిగించే విషయం నాకు కనబడలేదు.

అంత కట్టినా నేల ఊరుకోలేదు. లోతున రాయి ఒత్తిడికి ఒక్కసారిగా బ్రద్దలయ్యేది. దాన్ని తొలినాళ్లలో ‘ఏర్ బ్లాస్టు’ అనేవారు. క్రింద మనుషులు పోయేవారు. పైన ఇళ్లు అదిరి గోడలు బీటలు వారేవి. దొర బంగళా బీటవారినది, లైను ఇల్లు కదిలినది. ఆ క్షణాన వీధులలోకి పరుగెత్తుకొని వచ్చిన ఆడవారు షాఫ్టువైపు చూచేవారు. ఆనాడు ఊరికంతకూ దిక్సూచి షాఫ్టుమీది ఇనుప చక్రమే. అది తిరుగుతుంటే మనిషి పైకి వస్తున్నాడని గుర్తు.

గనుల ఊళ్లకు ఆయుష్షు తక్కువని పేరు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో టైరోన్ అనే రాగి గనుల ఊరుండేది. ఫెల్ప్స్ డాడ్జ్ అనే కంపెనీవారు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బెర్‌ట్రాం గుడ్‌హ్యూ అనే పేరుమోసిన వాస్తుశిల్పిచేత దానిని చిత్రపటంవలె కట్టించినారు. అక్కడా మెక్సికో కూలీల ఇళ్లు వేరు, తెల్లవారి ఇళ్లు వేరు. 1921లో రాగి ధర పడిపోగానే గని నిలిచినది, ఊరు పాడుపడినది. 1960 తరువాత పెద్దగొయ్యి త్రవ్వకం ఆ ఊరిని మింగివేసినది. వాస్తుశిల్పి గీసిన ఊరు పోయినది.

మన గనుల ఊరికీ ఆ గతి పట్టవలసినదే. 1956లో గనులను మైసూరు ప్రభుత్వం తీసుకొన్నది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వం క్రిందికి పోయినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే సంస్థ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం పైకి వచ్చినదని లెక్క. నీరు తోడే యంత్రాలు నిలిచిన తరువాత ఆ లోతులన్నీ నీటితో నిండినవి. మనవారు పేర్చిన రాతిగోడలు ఆ నీటిలో ఉన్నవి. పైన మిగిలినవి తుప్పుపట్టిన చక్రాలు, తలుపులూడిన బంగళాలు, సైనైడ్ దిబ్బలు.

కాని ఊరు పోలేదు. ఎవరు రేపు పోతారని తడికెలు కట్టి ఇచ్చినారో ఆ కుటుంబాలే ఉండిపోయినవి. తడికె స్థానంలో కాలక్రమాన ఇటుక గోడ వచ్చినది. రేకు క్రింద మరొక గది చేరినది. వాకిట తులసికోట వెలిసినది. గని లేకపోయినా తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి, చీకటిపడ్డాక తిరిగివచ్చి, ఆ ఇంటిలోనే అన్నం తింటున్నారు. యాజమాన్యం గీసిన పటంలో ‘తాత్కాలికం’ అనిపించుకొన్నదే శాశ్వతమైనది. ‘శాశ్వతం’ అనుకొన్న బంగళాలు గబ్బిలాలపాలు అవుతున్నవి.

కావున ఈ ఊరి కట్టడాల చరిత్ర వ్రాసేవారు బంగళాలు, చర్చీలు, క్లబ్బుతో పుస్తకం ముగించరాదు. బంగళాలకు పాత ఛాయాచిత్రాలున్నవి, కంపెనీ నివేదికలున్నవి. లైను ఇంటికి జ్ఞాపకం తప్ప వేరే కాగితం ఉండడం అరుదు. ఆ జ్ఞాపకం గల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. దొర బంగళా పడిపోతే దాని పటమైనా మిగులుతుంది. అమ్మమ్మ జ్ఞాపకం పోతే లైను ఇల్లు రెండవసారి ఊడబెరికినట్లే.

ఈ పండుగకు ఇంట పెద్దలు కూడినప్పుడు పిల్లలు కలం కాగితం తీసుకొని కొన్ని ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. మన లైనుకు ఏ పేరుండేది? గది ఎన్ని అడుగులు? పొయ్యి ఏ మూల? నీళ్లు ఎక్కడినుండి? గోడ తడికెదా, మట్టిదా? ప్రక్కయింటివారిది ఏ ఊరు, ఏ భాష? చెప్పినది చెప్పినట్లు వ్రాసి, ఒక చిన్న పటం గీసి, క్రింద తేదీ వేసి దాచవలె. పాత ఛాయాచిత్రముంటే దాని వెనుక పేర్లు వ్రాయవలె. ఇందుకు పాండిత్యం అక్కరలేదు, ఖర్చు లేదు, ఒక సాయంత్రం చాలు. అట్టి కాగితాలు వంద చేరితే, ఏ శిల్పి సంతకమూ లేని ఆ ఊరికి దానిని కట్టినవారి చేవ్రాలు దక్కుతుంది.

చదువరులకందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.